పాత కారు జెర్కులిస్తోందా? టీపీఎస్ మార్చే ముందు మీటరు పట్టండి

మొగిలి ఘాట్ ఎక్కుతుండగా మా కారు మొదటిసారి తుమ్మింది. చిత్తూరు దాటి పలమనేరు వైపు పోతున్నాం. మూడో గేరు. ముందు ఖాళీ టమాటా బాక్సులు వేసుకుని ఒక లారీ మూలుగుతూ పోతోంది. ఎక్సలేటర్ మీద కాలు కదపకుండా ఒకే తీరుగా పట్టుకున్నా, బండి ఒక్క క్షణం ఊపిరి బిగబట్టి మళ్లీ గుంజుకుంది. వెనక సీట్లోంచి మా అత్తగారు "ఏం నాయినా, బ్రేకులు కొడతా ఉండారా?" అన్నారు. కొట్టలేదు. లారీని దాటడానికి కాలు గట్టిగా తొక్కినప్పుడు మాత్రం ఏ గొడవా లేకుండా దూసుకుపోయింది. ఆ తేడాని నేను అప్పుడే పట్టించుకుని ఉంటే రెండు నెలల టెన్షన్, ఒక ఫ్యూయల్ ఫిల్టర్, నాలుగు ప్లగ్గులు మిగిలేవి.

కారు 2005 నాటిది, చిన్న పెట్రోల్ బండి. తిరుపతిలో నేను చూపించిన మొదటి చోట పెట్రోల్ సరిగ్గా అందడం లేదన్నారు. రెండో చోట ప్లగ్గులన్నారు. మూడో చోట "సెన్సర్ పోయినట్టుంది, మార్చి చూద్దాం" అన్నారు. వాళ్లన్నది టీపీఎస్ గురించి, అంటే థ్రాటిల్ ఎంత తెరుచుకుందో ఇంజన్ కంప్యూటర్‌కి చెప్పే థ్రాటిల్ పొజిషన్ సెన్సర్. ఈ 'మార్చి చూద్దాం' అన్న మాట దగ్గర నాకు ఒళ్లు మండింది. మార్చకుండా చూసే దారి ఉంది. మూడు వైర్లు, వోల్టులు కొలిచే ఒక మీటరు, అరగంట ఓపిక. ఆ పని వరసగా ఎలా చేయాలో కింద రాస్తున్నాను. కేబుల్‌తో థ్రాటిల్, అంటే ఇంజన్‌లోకి గాలి వదిలే పలక, తెరుచుకునే పాత పెట్రోల్ కార్లకు ఇది పనికొస్తుంది. మారుతి 800 ఎంపీఎఫ్ఐ, పాత ఆల్టో, పాత వ్యాగన్ఆర్, పాత శాంత్రో, అలాంటివి. పెడల్ నుంచి కేబుల్ కాకుండా వైర్లు మాత్రమే పోయే కొత్త రకం కార్లలో థ్రాటిల్ బాడీ లోపలే రెండు సెన్సర్లు ఉంటాయి, ఒకదాన్నొకటి సరిచూసుకుంటాయి. వాటి జోలికి ఈ పద్ధతిలో పోవద్దు.

ఆ చిన్న డబ్బాలో ఏముంది

బానెట్ ఎత్తి, ఎయిర్ ఫిల్టర్ నుంచి ఇంజన్‌కి పోయే లావు రబ్బరు గొట్టం వెంబడి చూడండి. గొట్టం ముగిసే చోట అల్యూమినియం థ్రాటిల్ బాడీ ఉంటుంది. ఒక పక్క ఎక్సలేటర్ కేబుల్ తగిలించిన చక్రం. దానికి ఎదురు పక్క, అదే ఇరుసు చివర, రెండు స్క్రూలతో బిగించిన నల్ల ప్లాస్టిక్ ముక్క. అదే థ్రాటిల్ పొజిషన్ సెన్సర్. షెడ్లలో అందరూ టీపీఎస్ అంటారు. దగ్గరలోనే ఐడ్లింగ్, అంటే కాలు తీసినప్పటి ఇంజన్ వేగం, చూసుకునే వాల్వ్ కూడా ఉంటుంది, దానికీ కప్లర్ (వైర్లు తగిలించే ప్లగ్గు) ఉంటుంది. రెండింటినీ కలిపేసుకోకండి. ఇరుసుతో పాటు తిరిగేదే టీపీఎస్.

పాత రేడియోలో సౌండు తిప్పే గుండీ గుర్తుందా? ఏళ్ల తరబడి ఒకే చోట ఆడించిన గుండీని తిప్పితే ఆ చోటికి రాగానే గరగరమని, ఒక్కోసారి పాట మాయమై, కొంచెం ముందుకు పోగానే మళ్లీ వినిపించేది. టీపీఎస్ అచ్చంగా అదే సామాను. లోపల కార్బన్ పూసిన పట్టీ, దాని మీద జారే చిన్న లోహపు వేలు. పట్టీకి ఒక కొసన 5 వోల్టులు, రెండో కొసన ఎర్త్. వేలు ఎక్కడ నిలబడితే అక్కడి వోల్టేజీ మూడో వైరులో ఇంజన్ కంప్యూటర్‌కి, అంటే ఈసీయూకి, పోతుంది. కాలు తీసేసి ఉన్నప్పుడు అర వోల్టు చుట్టుపక్కల, పూర్తిగా తొక్కితే నాలుగు, నాలుగున్నర.

మనం ఊళ్లో తోలేటప్పుడు కాలు ఎప్పుడూ పెడల్ మొదటి పావు భాగంలోనే ఉంటుంది. తిరుపతి లీలామహల్ సర్కిల్ ట్రాఫిక్‌లో పూర్తిగా తొక్కే అవకాశం ఎవరికుంది? అందుకే పట్టీ అరిగేది కూడా ఆ మొదటి భాగంలోనే. అరిగిన చోట వేలు అంటుకోకపోతే సిగ్నల్ ఒక్క క్షణం కిందికి పడిపోతుంది. ఈసీయూకి అది డ్రైవర్ కాలు తీసేసినట్టు కనిపిస్తుంది. బండి వేగంలో ఉండగా కాలు తీస్తే పెట్రోల్ ఆపేయడం దాని పద్ధతి, కాబట్టి ఆపేస్తుంది. మరుక్షణం వోల్టేజీ తిరిగొస్తుంది, పెట్రోల్ కూడా వస్తుంది. మా అత్తగారికి బ్రేకు కొట్టినట్టు అనిపించింది దాన్నే.

లక్షణాలు: ఏది దీనిది, ఏది కాదు

టీపీఎస్ మీద అనుమానపడాల్సిన గుర్తు ఒకటే గట్టిది. జెర్కు ఎప్పుడూ పెడల్ ఒకే చోట ఉన్నప్పుడు రావడం. స్పీడు ఎంతైనా, గేరు ఏదైనా, కాలు ఆ చోటికి రాగానే తుమ్ముతుంది, దాటితే బాగుంటుంది. నా బండిలో జరిగింది ఇదే. పెట్రోల్ పంపు, ఫిల్టర్ తేడా అయితే దీనికి తిరగబడి ఉంటుంది. మామూలుగా బాగానే పోయి, గట్టిగా తొక్కినప్పుడు, ఎత్తు ఎక్కేటప్పుడు చచ్చుబడుతుంది. ప్లగ్గు, కాయిల్ మిస్సింగ్ కూడా ఎక్కువగా లోడు మీదే బయటపడుతుంది, పైగా ఆ మిస్సింగ్‌కి ఒక లయ ఉంటుంది.

ఇంకొన్ని గుర్తులు ఉన్నాయి, వీటిని ఒంటరిగా నమ్మకూడదు. కాలు తీసినా రేసు (ఇంజన్ తిరిగే వేగం) కిందికి దిగకపోవడం ఒకటి. సెన్సర్ 'ఇంకా కొంచెం తెరిచే ఉంది' అని చెబుతుంటే ఈసీయూ ఐడ్లింగ్ పద్ధతిలోకి రాదు. కానీ ఎక్కడో రబ్బరు పైపు చీలి గాలి లాగుతున్నా, కేబుల్ బిగుసుకున్నా అచ్చం ఇలాగే ఉంటుంది. సిగ్నల్ దగ్గర ఆగగానే ఇంజన్ ఆగిపోవడం ఇంకొకటి. దానికి మొదటి అనుమానితుడు మసి పట్టిన థ్రాటిల్, తర్వాతే సెన్సర్.

చాలామందికి తట్టని గుర్తులు మరో రెండు. వేసవిలో ఏసీ కంప్రెసర్ కారణం లేకుండా మధ్యమధ్యలో ఆగిపోవడం. పూర్తిగా తొక్కినప్పుడు ఇంజన్‌కి బలం మిగల్చడానికి చాలా కార్లలో ఈసీయూ ఏసీని కాసేపు ఆపుతుంది. సెన్సర్ తప్పుగా పై అంకె చూపిస్తే అదే పని ఊరికే చేస్తుంది. మే నెల రేణిగుంట రోడ్డులో ఇది జరిగితే గ్యాస్ అయిపోయిందనుకుని ఏసీ షాపుకి పోతాం. రెండోది, సెల్ఫ్ తిరుగుతున్నా స్టార్ట్ కాకపోవడం. పెట్రోల్‌తో ప్లగ్గులు తడిసిపోతే ఆరబెట్టడానికి, పెడల్ పూర్తిగా తొక్కి సెల్ఫ్ కొడితే పెట్రోల్ ఆపేసే ఏర్పాటు చాలా ఈసీయూల్లో ఉంది. కాలు పెట్టకపోయినా సెన్సర్ నాలుగున్నర వోల్టులు చూపిస్తుంటే ఆ ఏర్పాటు తనంతట తానే పనిచేసి బండిని లేవనివ్వదు.

చెక్ ఇంజన్ లైట్ వెలగలేదు కాబట్టి సెన్సర్ బాగుంది అనుకోవద్దు. సిగ్నల్ రెప్పపాటు పడి లేచిపోతే, పాత ఈసీయూలు చాలావరకు దాన్ని తప్పుగా రాసుకోవు. నా బండిలో లైటు ఒక్కసారీ వెలగలేదు.

మీటరు పట్టకముందు

ఇంజన్ చల్లారాక మొదలుపెట్టండి. న్యూట్రల్, హ్యాండ్ బ్రేక్. బ్యాటరీ చూడండి. బండి ఆపి ఉన్నప్పుడు 12.4 నుంచి 12.6 వోల్టులు, స్టార్ట్ చేశాక 13.8 నుంచి 14.5 వరకు ఉండాలి. బ్యాటరీయే నీరసంగా ఉంటే మిగతా అంకెలేవీ నమ్మడానికి లేదు.

తర్వాత గాలి గొట్టం విప్పి థ్రాటిల్ పలకని చూడండి. అంచుల్లో నల్లటి జిగురు మసి ఉంటే పలక పూర్తిగా మూసుకోదు. థ్రాటిల్ బాడీ క్లీనర్‌ని గుడ్డ మీద కొట్టి తుడవండి. డబ్బాలోంచి నేరుగా చిమ్మితే ఇరుసు సందులోంచి సెన్సర్ లోపలికి పోతుంది, బాగున్న సెన్సర్ కూడా పోతుంది. కేబుల్ చక్రాన్ని చేత్తో తిప్పి వదిలితే టక్కున మూసుకోవాలి. లోపల ఎవరినైనా కూర్చోబెట్టి పెడల్ పూర్తిగా తొక్కించి, పలక పూర్తిగా తెరుచుకుంటోందా చూడండి. నా బండిలో పెడల్ కింద రెండు మ్యాట్లు ఒకదాని మీద ఒకటి ఉన్నాయి, పూర్తిగా తెరుచుకోవడం లేదు. సెన్సర్ తేడా ఇది కాదు గానీ, దీన్ని చూడకుండా కొలిస్తే పై అంకె తక్కువగా వచ్చి సెన్సర్ మీద పడిపోయేవాణ్ణి.

పలక ఆగే చోట ఒక చిన్న స్క్రూ ఉంటుంది, దాని తల మీద రంగో లక్కో పూసి ఉంటుంది. దాన్ని ముట్టుకోవద్దు. రేసు ఎక్కువైందని దాన్ని తిప్పేసిన బండ్లు చూశాను. కంపెనీలో పెట్టిన మొదటి స్థానం పోయాక సెన్సర్ అంకెలన్నీ అబద్ధాలే చెబుతాయి.

ఇక కప్లర్. మన దగ్గర టీపీఎస్ కేసుల్లో సగానికి సగం ఇక్కడే తేలిపోతాయని నా అభిప్రాయం. వాటర్ సర్వీస్‌లో బానెట్ ఎత్తి ప్రెషర్ పెట్టి కొట్టించే అలవాటు మనది. రబ్బరు సీల్ గట్టిపడిన పాత కప్లర్‌లోకి నీళ్లు పోతాయి, పిన్నుల మీద పచ్చగా, తెల్లగా పొడి కడుతుంది. తాళం ఆఫ్ చేసి కప్లర్ విప్పండి. క్లిప్పు నొక్కి ప్లాస్టిక్‌ని లాగాలి, వైర్లను కాదు. పొడి కనిపిస్తే కాంటాక్ట్ క్లీనర్ కొట్టి ఆరనివ్వండి. వెనకాల వైర్ల మీద పళ్ల గాట్లు ఉన్నాయేమో చూడండి, నెలల తరబడి కదలని బండ్లలో ఎలుకలు కాపురం పెడతాయి. కప్లర్ శుభ్రం చేసి నాలుగైదు సార్లు పెట్టి తీయగానే జెర్కు పోతే, కారు నాలుగు రోజులు వాడి చూశాకే ముందుకు పోండి.

కోడ్ ఉంటే చదవండి, లేదని ఆగకండి

ఇంజన్ తేడాలను ఈసీయూ కోడ్లుగా రాసుకుని, స్కానర్ తగిలిస్తే చెప్పే ఏర్పాటు ఓబీడీ-2. మన దేశంలో అది అన్ని కార్లకీ తప్పనిసరి అయింది 2013 ఏప్రిల్ నుంచి. అంతకు ముందు బండిలో స్టీరింగ్ కింద పదహారు పిన్నుల సాకెట్ కనిపించినా, మార్కెట్లో దొరికే చవక బ్లూటూత్ స్కానర్ ఈఎల్ఎం 327 దానితో మాట్లాడుతుందన్న హామీ లేదు. కొన్ని పాత మోడళ్లలో రెండు పిన్నులు కలిపితే చెక్ లైటు మిణుకుల లెక్కతో కోడ్ చెబుతుంది. ఏ పిన్నులో ఆ మోడల్ సర్వీస్ మాన్యువల్‌లో చూసే కలపాలి, ఊహించి కలిపితే ఈసీయూ కాలిపోవచ్చు.

స్కానర్ పనిచేస్తే ఈ కోడ్లు చూడండి. పీ0122 అంటే సిగ్నల్ మరీ తక్కువ: 5 వోల్టుల వైరు తెగినా, సిగ్నల్ వైరు ఎర్త్‌కి తగిలినా ఇది వస్తుంది. పీ0123 అంటే సిగ్నల్ మరీ ఎక్కువ: ఎర్త్ వైరు తెగితే సిగ్నల్ 5 వోల్టులకు ఎగబాకుతుంది. పీ0121 అంటే అంకె వస్తోంది కానీ మిగతా సెన్సర్లు చెప్పేదానితో పొసగడం లేదు. పీ0124 ఉండీ లేనట్టు వచ్చే తేడా. ఇవి సర్క్యూట్‌లో తేడా ఉందని చెబుతాయే తప్ప సెన్సర్ కొనమని చెప్పవు.

స్కానర్‌లో థ్రాటిల్ శాతం కాలు తీసినప్పుడు సున్నా కాకుండా 10 నుంచి 18 మధ్య చూపిస్తే కంగారుపడకండి, చాలా కార్లలో అది మామూలే. ఇంకో సంగతి, పాత కార్లతో ఈ చవక స్కానర్లు సెకనుకి రెండు మూడు సార్లే అంకె తీసుకుంటాయి. మధ్యలో పడి లేచే సిగ్నల్ వాటికి చిక్కదు.

అసలు పని: మూడు వైర్లు

కావలసినవి: డిజిటల్ మల్టీమీటర్, రెండు సన్నని గుండుసూదులు, కాగితం, పెన్ను. బల్బు టెస్టర్ మాత్రం దగ్గరికి రానివ్వకండి. అది లాగే కరెంటుకి ఈసీయూలోని 5 వోల్టుల సర్క్యూట్ దెబ్బతినొచ్చు.

కప్లర్ విప్పి ఉన్నప్పుడు తాళం ఆన్ చేయండి, ఇంజన్ స్టార్ట్ చేయొద్దు. మీటర్ని డీసీ 20 వోల్టులకు పెట్టి, నల్ల ముల్లు (మీటరు వైరు కొస) బ్యాటరీ మైనస్‌కి తగిలించి, ఎర్ర ముల్లుతో బండి వైపు కప్లర్‌లోని మూడు పిన్నులూ ఒక్కొక్కటే ముట్టుకోండి. ఒకదాంట్లో 4.8 నుంచి 5.2 వోల్టులు రావాలి. అదే సరఫరా వైరు. మిగతా రెంట్లో ఏది ఎర్త్, ఏది సిగ్నల్ అన్నది తాళం ఆఫ్ చేసి, మీటర్ని ఓమ్స్‌కి మార్చి తేల్చుకోవాలి. బ్యాటరీ మైనస్‌కి ఒకటి రెండు ఓమ్‌ల లోపు చూపించేది ఎర్త్. మిగిలిపోయింది సిగ్నల్. వైర్ల రంగులు కాగితం మీద రాసుకోండి. నాలుగో వైరు ఉంటే అది పలక పూర్తిగా మూసుకుందని చెప్పే స్విచ్చుది అయ్యుండొచ్చు, అలాంటి రకాలకు మాన్యువల్ దగ్గర పెట్టుకోవాల్సిందే.

ఇప్పుడు తాళం ఆఫ్‌లోనే కప్లర్ తిరిగి పెట్టేయండి. సిగ్నల్ వైరు కప్లర్‌లోకి దూరే చోట, వెనక నుంచి, వైరు పక్కగా గుండుసూది నెమ్మదిగా దించండి, లోపలి పిన్నుకి తగిలేదాకా. వైరు తొడుగుకి పొడవొద్దు, ఆ చిల్లు రెండు వానాకాలాలకి వైరుని తినేస్తుంది. రెండో సూది ఎర్త్ వైరు వెనక. సూదులు రెండూ ఒకదానికొకటి తగలకూడదు.

తాళం ఆన్. ముందు ఎర్త్ బాగుందో లేదో చూడాలి. ఎర్త్ సూదికీ బ్యాటరీ మైనస్‌కీ మధ్య 0.1 వోల్టు లోపే ఉండాలి. ఎక్కువుంటే ఎర్త్ దారిలో తుప్పు ఉంది. అది బాగుచేయకుండా సెన్సర్ ఎన్నిసార్లు మార్చినా అంతే.

ఎర్ర ముల్లు సిగ్నల్ సూదికి, నల్లది ఎర్త్ సూదికి. కాలు తీసి ఉన్నప్పటి అంకె రాసుకోండి. చాలా బండ్లలో 0.3 నుంచి 0.9 మధ్య ఉంటుంది. కేబుల్ చక్రాన్ని చేత్తో పూర్తిగా తెరిస్తే 3.5 నుంచి 4.8. మీ మోడల్‌కి కచ్చితమైన అంకె మాన్యువల్‌లో ఉంటుంది. ఈ రెండు అంకెలూ బాగున్నాయని చాలామంది ఇక్కడే మీటరు మూసేస్తారు. మొదటి చోట నా బండికి జరిగిందీ అదే. మూసినప్పుడు 0.62, తెరిచినప్పుడు 4.21. రెండూ చక్కగా ఉన్నాయి, కాబట్టి సెన్సర్ బాగుందని తేల్చేశారు.

సంగతంతా ఆ రెంటి మధ్యలో ఉంది. చక్రాన్ని మూసిన చోటు నుంచి తెరిచే వరకు అర నిమిషం పట్టేంత నెమ్మదిగా తిప్పాలి. గోరుతో నెట్టినంత నెమ్మదిగా. అంకె మెట్టు మెట్టుగా పెరుగుతూ పోవాలి, ఎక్కడా వెనక్కి పోకూడదు, గంతులు వేయకూడదు. తిరిగి అంతే నెమ్మదిగా మూయాలి. మొదటి పావు భాగాన్ని పది సార్లు చేయండి.

నాకు ఇందులో ఒక చిక్కు వచ్చింది. డిజిటల్ మీటరు అంకె మార్చేలోపే సిగ్నల్ పడి లేచిపోతోంది. తెర మీద ఒక్క మినుకు కనిపించి పోయింది, నిజమో భ్రమో తెలియలేదు. అప్పుడు మా మేనల్లుడు ఇంట్లో మూలన పడున్న పాత ముల్లు మీటరు, అంకెలకు బదులు గీతల మీద ముల్లు ఊగేది, తెచ్చాడు. వాడి తాతది, రేడియోలు బాగుచేసేవాడాయన. దాన్ని తగిలించి నేను చక్రం తిప్పుతుంటే వాడు ముల్లునే చూస్తూ కూర్చున్నాడు. ఒక వోల్టు దాటి కొంచెం పోగానే "మామా, పడింది" అన్నాడు. వెనక్కి తిప్పాను. "మళ్లా పడింది." వాడు చూడకుండా ముఖం తిప్పుకుంటే నేను చూశాను. 1.04 దగ్గర ముల్లు ఠక్కున సున్నా వైపు వాలి, వెంటనే లేచి 1.1 దగ్గర నిలబడింది. పది సార్లలో ఏడు సార్లు అక్కడే. మొగిలి ఘాట్‌లో లారీ వెనకాల నా కాలు ఉన్నది ఆ చోటే.

ముల్లు మీటరు దొరకకపోతే, డిజిటల్‌లో మిన్-మ్యాక్స్ బటన్ ఉన్నది అడిగి తెచ్చుకోండి. తిప్పడం మొదలుపెట్టే ముందు అది నొక్కితే మధ్యలో ఎంత కిందికి పడిందో గుర్తుపెట్టుకుంటుంది. మరీ వేగంగా పడి లేచే సిగ్నల్ దానికి కూడా అప్పుడప్పుడు అందదు, కాబట్టి నాలుగైదు సార్లు చేయండి.

ఏమీ పడకపోతే ఇంకో ప్రయత్నం. చక్రాన్ని ఒక చోట కదలకుండా పట్టుకుని, స్క్రూడ్రైవర్ పిడితో సెన్సర్ మీద మెల్లగా తట్టండి. తర్వాత సెన్సర్‌ని వదిలేసి వైరింగ్‌ని మాత్రమే ఊపండి. తడితే అంకె ఎగిరితే లోపం సెన్సర్‌లో, వైరు ఊపితే ఎగిరితే లోపం కప్లర్‌లోనో వైరులోనో. వేడెక్కాకే జెర్కు వచ్చే బండి అయితే హెయిర్ డ్రయ్యర్ గాలి రెండు నిమిషాలు సెన్సర్ మీదికి పట్టి మళ్లీ కొలవండి.

అనుమానం తీరకపోతే తాళం ఆఫ్ చేసి, కప్లర్ విప్పి, సెన్సర్ పిన్నుల మీదే ఓమ్స్ చూడొచ్చు. సరఫరా పిన్నుకీ ఎర్త్ పిన్నుకీ మధ్య సాధారణంగా కొన్ని కిలో ఓమ్‌లు ఉంటుంది, చక్రం తిప్పినా అది మారకూడదు. సిగ్నల్ పిన్నుకీ ఎర్త్ పిన్నుకీ మధ్యది మాత్రం చక్రంతో పాటు సాఫీగా మారాలి. కరెంటు ఉండగా ఓమ్స్ కొలవొద్దు.

5 వోల్టులు రాకపోతే

ఇది వేరే కథ, సెన్సర్‌కి సంబంధం లేదు. ఆ 5 వోల్టులు ఈసీయూ ఇచ్చేవి, చాలా బండ్లలో మ్యాప్ సెన్సర్ (ఇంజన్‌లోకి పోయే గాలి ఒత్తిడి కొలిచేది) లాంటివీ అదే సరఫరా పంచుకుంటాయి. వాటిలో ఒకటి షార్ట్ అయితే అందరికీ పోతుంది. ఒక్కొక్క సెన్సర్ కప్లర్ విప్పుతూ మీటరు చూడండి, ప్రతిసారీ తాళం ఆఫ్ చేసే విప్పాలి. ఏది విప్పగానే 5 తిరిగొచ్చిందో దొంగ అదే. ఏది విప్పినా రాకపోతే ఈసీయూ నుంచి వచ్చే వైరు చూడాలి. ఇక్కడి నుంచి మంచి ఆటో ఎలక్ట్రీషియన్‌కి అప్పజెప్పడం మేలు, ఈసీయూ పోయిందని ఎవరైనా చెబితే ఇంకొకరి దగ్గర కూడా చూపించాకే నమ్మండి.

షెడ్లలో ఒక చిట్కా ఉంది: టీపీఎస్ కప్లర్ విప్పేసి బండి తోలి చూడటం. సెన్సర్ లేకపోతే ఈసీయూ తన దగ్గరున్న ఉజ్జాయింపు అంకెతో నడిపిస్తుంది. బండి మొద్దుగా ఉన్నా జెర్కు మాయమైతే అనుమానం బలపడినట్టే. ఖాళీ రోడ్డులో ఒక కిలోమీటరు దాకా సరే, అంతకు మించి వద్దు. చెక్ లైటు వెలిగి కోడ్ పడుతుంది, తర్వాత చెరపాలి.

కొనడం, బిగించడం

పాత సెన్సర్ మీద అచ్చేసిన పార్ట్ నంబర్ ఫోన్‌లో ఫోటో తీసుకుని షాపుకి పోండి. మోడల్ పేరు చెబితే చాలదు, ఒకే మోడల్‌కి ఏడాది మారితే సెన్సర్ మారొచ్చు, కొన్ని కుడి వైపు తిరిగేవి, కొన్ని ఎడమ వైపు. మీటరు వెంట తీసుకుపోండి. కౌంటర్ దగ్గరే ఓమ్స్ పెట్టి, కొత్తదాని నాలుకని, అంటే ఇరుసు కొస తగిలి తిప్పే ముక్కని, వేలితో నెమ్మదిగా తిప్పి, సాఫీగా మారుతోందో లేదో చూసి డబ్బులివ్వండి. షాపతను నన్ను వింతగా చూశాడు గానీ, రెండోది తీసిచ్చాడు. మొదటిది కొత్త డబ్బాలోదే, మధ్యలో గంతు వేసింది.

విప్పే ముందు పాత సెన్సర్ ఏ కోణంలో ఉందో సూదితో థ్రాటిల్ బాడీ మీద గీత గీసుకోండి. ఆ రెండు స్క్రూలూ మెత్తటి లోహానివి, ఏళ్ల వేడికి పట్టేసి ఉంటాయి. తుప్పు వదిలించే స్ప్రే కొట్టి పావుగంట ఆగి, తలకి సరిగ్గా సరిపోయే స్క్రూడ్రైవర్‌తో గట్టిగా నొక్కి తిప్పండి. తల అరిగిపోతే మిగతా రోజంతా దానికే పోతుంది.

కొత్తది పెట్టేటప్పుడు ఇరుసు కొస సెన్సర్ నాలుక సరైన పక్కన కూర్చోవాలి. చాలావాటిలో సెన్సర్‌ని కాస్త పక్కకి పెట్టి, స్ప్రింగ్ బిగువు మీద తిప్పి స్క్రూ రంధ్రాలకు తేవాలి. స్ప్రింగ్ బిగువు తెలియకుండా తేలిగ్గా కూర్చుంటే తప్పు పక్కన పెట్టినట్టే. రంధ్రాలు గుండ్రంగా ఉంటే సర్దేది ఏమీ లేదు, బిగించేయండి. పొడుగ్గా ఉంటే స్క్రూలు వదులుగా ఉంచి, కప్లర్ పెట్టి, తాళం ఆన్ చేసి, మూసిన స్థానంలో మాన్యువల్ చెప్పిన వోల్టేజీ వచ్చేదాకా సెన్సర్‌ని వెంట్రుకవాసి తిప్పి బిగించాలి. బిగించేటప్పుడే అది కదులుతుంది, అందుకే బిగించాక మళ్లీ కొలవండి. మాన్యువల్ లేకపోతే పాతదాని అంకెకి తెస్తే పని జరుగుతుంది. నేను 0.62కే తెచ్చాను. తర్వాత నెమ్మది తిప్పుడు పరీక్ష మళ్లీ మొదటి నుంచి.

తాళం ఆఫ్ చేసి బ్యాటరీ మైనస్ పది నిమిషాలు విప్పి పెట్టండి, మ్యూజిక్ సిస్టంకి కోడ్ ఉంటే ముందే రాసి పెట్టుకుని. తిరిగి తగిలించాక ఎక్సలేటర్ ముట్టుకోకుండా స్టార్ట్ చేసి, రేడియేటర్ ఫ్యాన్ ఒకసారి తిరిగి ఆగేదాకా వదిలేయండి. ఆ తర్వాత ఏసీ వేసి రెండు నిమిషాలు, ఆపి రెండు నిమిషాలు. మొదట్లో రేసు అటూ ఇటూ ఊగితే భయపడకండి, పాత ఈసీయూ కొత్త అంకెకి అలవాటు పడుతోంది.

ఎక్కడ తోలి చూడాలి

తిరుమల ఘాట్ మీద మాత్రం వద్దు. ఎక్కే రోడ్డు వేరు, దిగే రోడ్డు వేరు. అలిపిరి దాటాక తేడా వస్తే మధ్యలో వెనక్కి తిరగడానికి ఉండదు, మీ వెనక బస్సులుంటాయి. ముందు చంద్రగిరి దాకా ఊరు దాటి, తర్వాత భాకరాపేట ఘాట్ మంచిది. పక్కకి ఆపడానికి చోటుండే వంపులు చూసుకోండి. మూడో గేరులో 40 దగ్గర కాలు కదపకుండా ఎత్తు ఎక్కించండి, ఇంతకు ముందు తుమ్మిన చోటికి కాలు తెచ్చి అక్కడే ఉంచండి. పాత రోగం ఉంటే అక్కడే బయటపడుతుంది. దిగేటప్పుడు రెండో గేరులో కాలు పూర్తిగా తీసేసి, కింద మళ్లీ మెల్లగా తొక్కండి. ఆ అందుకోవడం మెత్తగా ఉండాలి, తలలు ముందుకి ఊగకూడదు.

మేం ఆ ఆదివారం మళ్లీ పలమనేరు పోయాం. మొగిలి ఘాట్‌లో కావాలనే ఒక లారీ వెనకాల పడి, దాటకుండా కొండ పైదాకా పోయాను. సగం దూరం పోయాక అత్తగారు వెనక నుంచి "ముందుకు పోవచ్చు కదా నాయినా, దోవ ఖాళీగానే ఉండాది" అన్నారు.